దారి తెగకముందే



2021 సెప్టెంబరు 26. చీకటి పడే వేళకు గులాబ్ అనే తుపాను శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మర్నాటికి గాలి జోరు తగ్గి, తుపాను కాస్తా వాయుగుండమైంది. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లు హమ్మయ్య అనుకున్నారు. అది మాత్రం ఆగలేదు. దక్షిణ ఒడిశా, ఛత్తీస్‌గఢ్ దాటి మన ఉత్తర తెలంగాణ మీదికి వచ్చింది. ఇక్కడ కురిసింది. మరాఠ్వాడాకు పోయి అక్కడ ఇంకా గట్టిగా కురిసింది. గుజరాత్ దాటి అరేబియా సముద్రంలోకి దిగేసరికి, ఆ నీటి వేడి తగిలి మళ్లీ లేచి కూర్చుంది. ఈసారి దాని పేరు షహీన్. అక్టోబరు 3న పోయి ఒమన్ తీరాన్ని కొట్టింది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ధర్మపురి ప్రాంతంలో గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడకట్టు అరుదు. ఇక్కడ తల్లి ఇంటి మీద కురిసిన తుపానే, వారం తిరక్కముందే అక్కడ కొడుకు ఉండే రేకుల గది మీద కురిసింది. సముద్రానికి దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దూరాన ఉన్నాం, తుపానుకూ మనకూ ఏం సంబంధం అని అడిగేవాళ్లకు ఆ ఒక్క ప్రయాణం గుర్తు చేస్తే చాలు.

ఈ రోజు మన మాట దాని గురించే. సముద్రం కనబడని ఊరికి తుపాను ఏ రూపంలో వస్తుంది? ధర్మపురి లాంటి ఊళ్లో కొన్ని వాడలు ఖాళీ చేయాల్సి వస్తే ఎప్పుడు బయల్దేరాలి, ఏ దారిన పోవాలి, ఎక్కడికి పోవాలి? నా మాట ముందే చెప్పేస్తాను. వరద అనగానే మనమందరం గోదావరి వైపు చూస్తాం. గడ్డకు పోయి, నీళ్లు ఎన్ని మెట్లు ఎక్కాయో లెక్కపెట్టి వస్తాం. అదే సమయంలో ఊరి వెనక రోడ్డు మీద ఏం జరుగుతోందో చూసేవాళ్లు తక్కువ. చాలాసార్లు ఊళ్లోకి నీళ్లు రాకముందే ఊరి బయట దారి తెగుతుంది. కాబట్టి ఖాళీ చేసే ప్రణాళిక అంటే మొదట దారి లెక్క, గడియారం లెక్క. తక్కినవన్నీ ఆ తర్వాత.

ముందు తుపాను సంగతి చూద్దాం. తుపానుకు బలం వెచ్చటి సముద్రపు నీటి నుంచి వస్తుంది. నేల మీదికి ఎక్కగానే ఆ సరఫరా ఆగిపోతుంది కాబట్టి గాలి పడిపోతుంది. అయితే అది సముద్రం మీద నుంచి మోసుకొచ్చిన తేమ ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. వాయుగుండం చకచకా కదిలితే దారి పొడుగునా కొంచెం కొంచెం పంచుకుంటూ పోతుంది. ఒకచోట నిలబడిపోతే అక్కడే కుమ్మరిస్తుంది. కోస్తావాళ్లు గాలి వేగం ఎంత అని అడుగుతారు. మనం అడగాల్సింది వేరు: అది ఎంత నెమ్మదిగా కదులుతోంది, మనకు ఎగువన ఎక్కడ కురుస్తోంది?

పేరున్న తుపానులకే భయపడడం కూడా మంచి అలవాటు కాదు. 2020 అక్టోబరు 13 తెల్లవారుజామున కాకినాడ దగ్గర తీరం దాటింది తీవ్ర వాయుగుండం మాత్రమే. దానికి పేరు కూడా పెట్టలేదు. ఆ రాత్రికి హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలు మునిగాయి. ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన పడింది. 2023 జూలై చివరి వారంలో వచ్చింది అంతకన్నా చిన్నది, అల్పపీడనం. అయినా ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. మన జగిత్యాల జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు వంద సెంటీమీటర్లు. అంటే ఏడాది వానలో సగానికి మించి ఒక్క రోజులో కుమ్మరించిందన్నమాట.

ఇది కొత్తగా వచ్చిపడ్డ ముప్పేమీ కాదు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాద్‌లో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. సుమారు పదిహేను వేలమంది పోయారని చెబుతారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కినవాళ్లు బతికి బయటపడ్డ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వాన కూడా బంగాళాఖాతం నుంచి లోపలికి వచ్చిన తుపానుదే. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి కారణాలు వెతికించారు. ఆయన నది ఒక్కదాన్నే చూడలేదు. మూసీ పరీవాహకంలోని చెరువులన్నీ లెక్కవేశారు. 788 చెరువుల్లో 221 తెగిపోయాయని తేల్చారు. ఎగువ చెరువు తెగి కింది చెరువు మీద పడింది, అది తెగి ఇంకో దాని మీద పడింది, ఆ నీళ్లన్నీ కలిసి ఊరి మీద పడ్డాయి. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ అనుభవం నుంచి పుట్టినవే. గొలుసుకట్టు చెరువుల మధ్య బతికే మనం ఆ లెక్కను మరిచిపోకూడదు.

ఇప్పుడు ధర్మపురికి వద్దాం. మన ఊరికి నీళ్లు మూడు దిక్కుల నుంచి వస్తాయి.

మొదటిది గోదావరి. త్ర్యంబకం దగ్గర పుట్టి, మహారాష్ట్రంతా దాటి, కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకొని శ్రీరాంసాగర్‌లోకి వస్తుంది. కాబట్టి నాందేడ్‌లో, లాతూర్‌లో కురిసిన వాన మనదే. ఇక్కడ ఎండ కాస్తున్నా అది మన గడ్డకు రావచ్చు. శ్రీరాంసాగర్‌కు 42 గేట్లు, నిండు మట్టం 1091 అడుగులు. కట్టినప్పుడు 112 టీఎంసీలు పడతాయని లెక్క. పూడిక చేరి ఇప్పుడు ఆ లెక్క 80 టీఎంసీల దగ్గరికి దిగింది. అందులో మనకు అర్థం కావాల్సింది ఒకటుంది. జాగా తగ్గింది కాబట్టి పెద్ద వరదను ఆపి పట్టుకునే శక్తి కూడా తగ్గింది. ఆగస్టు, సెప్టెంబరు నాటికి ప్రాజెక్టు నిండి ఉంటే, పైనుంచి వచ్చింది వచ్చినట్టు కిందికి వదలాల్సిందే. అక్కడి నుంచి ధర్మపురికి నది దారిలో ఎనభై కిలోమీటర్లకు పైనే. నీళ్లు రావడానికి గంటల సమయం పడుతుంది. ఆ గంటలే మనకు చేతిలో ఉన్న సొమ్ము.

ఈ లెక్కను తలకిందులు చేసేది కడెం ప్రాజెక్టు. నిర్మల్ జిల్లాలో ఉంది, మనకు శ్రీరాంసాగర్ కన్నా చాలా దగ్గర. ఆదిలాబాద్ గుట్టల్లో, అడవుల్లో కురిసిన వాన గంటల్లోనే దానిలోకి ఉరుకుతుంది. పట్టేది ఏడున్నర టీఎంసీలే. 1958లో ఒకసారి, 1995లో ఒకసారి దానికి గండి పడింది. 2022 జూలై 13 రాత్రి దానిలోకి దాదాపు 5 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. దాని గేట్లు వదలగలిగింది 3 లక్షల చుట్టుపక్కల. ఆ రాత్రి ప్రాజెక్టు ఉంటుందా పోతుందా అని రాష్ట్రమంతా చూసింది. కింది గ్రామాల వాళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. ప్రాజెక్టు నిలిచింది. కడెం వాగు గోదావరిలో కలిసేది ధర్మపురికి ఎగువనే. అంటే ఆ రాత్రి కట్ట తెగి ఉంటే తర్వాతి కబురు మన గడ్డ మీదే వినేవాళ్లం.

పైన ఇలా ఉంటే, కింద ఎల్లంపల్లి ఉంది. వెల్గటూరు మండలంలో కోటిలింగాల దాకా దాని వెనుక జలాలు నిలుస్తాయి. ఆ ప్రాజెక్టు నిండుగా ఉన్నప్పుడు పైనుంచి పెద్ద వరద వస్తే నీరు తొందరగా కిందికి సాగదు. కాబట్టి గోదావరి గురించి అడిగేటప్పుడు మూడు పేర్లూ కలిపి అడగాలి: శ్రీరాంసాగర్ ఎంత వదిలింది, కడెం ఎంత వదిలింది, ఎల్లంపల్లి ఎన్ని గేట్లు ఎత్తింది?

రెండో దిక్కు, మన నెత్తి మీద పడే వాన. అది చెరువుల్లోకి, అక్కడి నుంచి ఊళ్లోకి వస్తుంది. 2021 సెప్టెంబరు 7న సిరిసిల్లలో జరిగింది అదే. పట్టణంలో వీధులు ఏరులయ్యాయి. హైదరాబాద్ నుంచి విపత్తు స్పందన బృందాలు రావలసి వచ్చింది. చెరువు మత్తడి దుంకితే నీళ్లు పోవడానికి ఒకప్పుడు ఒర్రె ఉండేది. ఆ ఒర్రె మీద ఇళ్లు కట్టుకుంటే నీళ్లు ఇళ్లలో నుంచే పోతాయి. అక్కడి మరమగ్గాలు, అంటే సాంచాలు, నేల మీదే ఉంటాయి కదా, మోకాలి లోతు నీళ్లు వచ్చినా మోటార్లు, బీములు, నూలు అన్నీ పోతాయి. 2025 ఆగస్టు 27న కామారెడ్డికి అదే గతి పట్టింది. ఆ ఊరి పక్కన పెద్ద నది ఏదీ లేదు. ఆ జిల్లాలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు మించి కురిస్తే కాలనీలు మునిగాయి, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అదే సమయంలో సిరిసిల్ల జిల్లా గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర ఎగువ మానేరులో చిక్కుకున్న రైతులను హెలికాప్టర్లతో తీసుకురావాల్సి వచ్చింది.

వానాకాలం దాటింది కదా అని కూర్చోవడానికి కూడా లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. మర్నాడు మునిగింది వరంగల్, హనుమకొండ. భీమదేవరపల్లిలో 40 సెంటీమీటర్లకు పైగా పడింది. అది వడ్లు కల్లాల్లో ఉండే కాలం. అక్టోబరులో తుపాను వస్తే మన రైతు ఊరు విడిచి కదలడానికి వెనకాడేది ఇంటి కోసం కాదు, ఆరబోసిన వడ్ల కోసం. ఈ సంగతి అధికారుల ప్రణాళికలో ఉండాలి.

ఇక మూడో దిక్కు వాగు, రోడ్డు. నా లెక్కలో అసలు ప్రమాదం ఇదే. 2022 జూలై 12న మన జిల్లాలోనే రాయికల్ మండలంలో జరిగింది చెబుతాను. బోర్నపల్లి దగ్గర గోదావరి నడుమ కుర్రులో పనికి పోయిన తొమ్మిది మంది కూలీలు వరద పెరిగి అక్కడే చిక్కుకున్నారు. రాష్ట్రమంతా వాళ్ల గురించే భయపడింది. వాళ్లను క్షేమంగా ఒడ్డుకు చేర్చారు. ఆ వార్త కోసం వచ్చిన ఒక విలేకరి తిరుగు దారిలో రామోజీపేట దగ్గర రోడ్డు మీద పారుతున్న వాగులో కారుతో సహా కొట్టుకుపోయారు. ఆయనతో ఉన్న మరొకరు బయటపడ్డారు, ఆయన పడలేదు. పొంగిన గోదావరి నడుమ ఉన్న తొమ్మిది మందీ బతికారు. కారులో ఇంటికి పోతున్న మనిషి పోయాడు. మన ప్రాంతపు వరద తీరు ఇదీ అని ఎవరికైనా చెప్పాలంటే నేను ఈ ఒక్క రోజు సంగతే చెబుతాను.

రోడ్డు మీద పారే నీటి బలాన్ని మనం ఎప్పుడూ తక్కువ అంచనా వేస్తాం. జోరుగా పారే నీళ్లు అరడుగు ఉంటే చాలు, పెద్ద మనిషి కాలు నిలవదు. అడుగు ఉంటే చిన్న కారు తేలుతుంది. రెండడుగులు ఉంటే పెద్ద బండ్లను కూడా ఈడ్చుకుపోతుంది. పైగా ఆ బురద నీటి కింద తారు రోడ్డు ఉందో, కొట్టుకుపోయి గొయ్యి పడిందో పైకి కనబడదు. ముందు పోయిన ట్రాక్టర్ దాటింది కదా అని మన మోటారు సైకిల్‌ను దింపడం కన్నా పెద్ద సాహసం లేదు.

అమెరికాలో కూడా ఇదే కథ జరిగింది. 2024 సెప్టెంబరు 26 రాత్రి హెలీన్ అనే హరికేన్ ఫ్లోరిడాలో తీరం దాటింది. హరికేన్ అంటే వాళ్ల తుపానే. అక్కడికి దాదాపు ఆరు వందల కిలోమీటర్ల దూరంలో, కొండల మధ్య నార్త్ కరోలినాలో ఆష్‌విల్ అనే ఊరు ఉంది. తుపాను భయం లేని ఊరని పేరు. మర్నాటికి అక్కడి నదులు 1916 నాటి వరద గుర్తును దాటేశాయి. పెద్ద పెద్ద హైవేలు కొట్టుకుపోయి ఊరు ఒంటరైంది. ఆ ఒక్క రాష్ట్రంలోనే వంద మందికి పైగా చనిపోయారు. అంత డబ్బు, అన్ని ఉపగ్రహాలు ఉన్న దేశంలో కూడా తీరానికి దూరంగా ఉన్నవాళ్లు మనకేం కాదులే అనుకున్నారు. దారులు తెగాక హెలికాప్టర్ల కోసం ఎదురుచూశారు.

మనకు దగ్గరి ఉదాహరణ మోరంచపల్లి. 2023 జూలై 27 తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లాలో ఆ ఊరి పక్కన మోరంచవాగు పొంగింది. జనం నిద్ర లేచేసరికి ఊళ్లో నీళ్లున్నాయి. డాబాలు ఎక్కారు, చెట్లు ఎక్కారు. హెలికాప్టర్లు, పడవలు వచ్చి దింపాయి. కొందరు కొట్టుకుపోయారు. అదే వానకు ములుగు జిల్లా కొండాయిలో జంపన్నవాగు ఎనిమిది మందిని తీసుకుపోయింది. రెండూ నదులు కావు, వాగులు. ఏటా చూసే వాగులు, ఎండాకాలంలో పిల్లలు ఆడుకునే వాగులు.

సరే, ముప్పు ఇదీ. మరి ఏం చేయాలి?

మొదటి పని, ఊరికి ఒక అంకె ఉండాలి. భద్రాచలం వాళ్లను చూడండి. చిన్న పిల్లవాడిని అడిగినా చెబుతాడు: 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలై 16న 71.3 వచ్చింది. అంకె నోట్లో ఉంటుంది కాబట్టి అక్కడ ఎవరూ ఎవరినీ ఒప్పించక్కర్లేదు. ఫలానా అంకె వచ్చిందంటే ఫలానా కాలనీ కదలాలి, అంతే. మన ధర్మపురిలో అలా అందరి నోటా నానే అంకె ఉందా? స్నానఘట్టాల మెట్ల మీద మూడు రంగుల గీతలు గీయించడానికి పెద్ద ఖర్చు కాదు. పసుపు గీత దాటితే గడ్డ మీది దుకాణాలు, పూజాసామాను బండ్లు ఎత్తాలి. నారింజ గీత దాటితే ఒడ్డు పక్క ఇళ్లలో ముసలివాళ్లు, పిల్లలు, బాలింతలు కదలాలి. నీళ్లు ఎర్రగీతకు చేరేసరికి ఆ వాడలో ఎవరూ ఉండకూడదు. వాతావరణ శాఖ హెచ్చరికలకు వాడేవి కూడా ఈ మూడు రంగులే కాబట్టి జనానికి కొత్తగా నేర్పే పని లేదు.

రెండో పని, గడియారం. రాత్రి ఖాళీ చేయించడం అన్నిటికన్నా ప్రమాదం. కరెంటు ఉండదు, వాగు కనబడదు, ముసలమ్మ మెట్లు దిగలేదు, పిల్లలు జడుసుకుంటారు. కాబట్టి రాత్రికి ఎరుపు హెచ్చరిక ఉందంటే, ఎగువ ప్రాజెక్టుల నుంచి పెద్ద నీరు వదులుతున్నారంటే, నిర్ణయం సాయంత్రం నాలుగింటికల్లా జరిగిపోవాలి. పొద్దుగూకేసరికి మనుషులు మెట్ట మీద ఉండాలి. తెల్లారాక నీళ్లు రాలేదనుకోండి, నవ్వుకుంటూ ఇంటికి పోదాం. ఊరికే తిప్పారని తిట్టుకోవద్దు. ఆ ఒక్క తిట్టు భయానికే తర్వాతిసారి అధికారి గంట ఆలస్యం చేస్తాడు.

మూడో పని, దారి. ధర్మపురి నుంచి పెద్ద దారులు ఎటు పోతాయో మనకు తెలుసు. రాయపట్నం వంతెన మీదుగా లక్షెట్టిపేట, మంచిర్యాల వైపు పోవడమంటే పొంగిన గోదావరిని దాటిపోవడం. వెల్గటూరు, ధర్మారం మీదుగా కరీంనగర్ దారిలో కొంత భాగం ఎల్లంపల్లి నీటి అంచుకు దగ్గర. ఇక మిగిలింది జగిత్యాల దారి. ఆ ముప్పై కిలోమీటర్లలో ఎక్కడ ఒర్రె రోడ్డు మీదికి వస్తుంది, ఏ కల్వర్టు మొదట మునుగుతుంది, ఎంత వానకు మునుగుతుంది? ఈ సంగతి పుస్తకంలో దొరకదు. ఆర్టీసీ డ్రైవర్లకు తెలుసు, పాలబండి వాళ్లకు తెలుసు, ఆటోవాళ్లకు తెలుసు. వాళ్లను ఒక పూట కూర్చోబెట్టి అడిగి ఒక పటం గీస్తే, అదే మన ప్రణాళికలో మొదటి పేజీ. ఏ కల్వర్టు మొదట మునుగుతుందో, అది మునిగేలోపు పోవాలి. పోలేకపోతే ఇక దారి పట్టకూడదు. ఊళ్లోనే మెట్టకు ఉన్న బడికి, పక్కా మేడకు, కల్యాణ మండపానికి చేరాలి. ఊరు విడిచిపోవడం ఎంత ముఖ్యమో, దారి తెగాక ఊరు విడవకపోవడం కూడా అంతే ముఖ్యం.

నాలుగో పని అన్నిటికన్నా కష్టం. ఇంట్లో నిర్ణయం ఎవరిది? మన ప్రాంతంలో చాలా ఇళ్లలో మగమనిషి దుబాయిలోనో, దోహాలోనో ఉంటాడు. ఇంట్లో అత్తాకోడళ్లు, ఇద్దరు పిల్లలు. సాయంత్రం చాటింపు వేశారనుకోండి. కోడలు అడుగుతుంది: "అత్తమ్మా, నీళ్లొస్తున్నయట, పోదామా?" అత్త అంటుంది: "ఎన్నడన్న మన గడపదాకొచ్చిందా పిల్లా? తెల్లారనియ్యి." కోడలు భర్తకు ఫోన్ చేస్తుంది. అక్కడ డ్యూటీలో ఉన్నవాడు ఎత్తడు. ఎత్తినా, "జెర్ర ఆగు, ఎవరినన్న అడుగుత" అంటాడు. రెండు గంటలు అక్కడే పోతాయి. ఆ రెండు గంటల్లోనే కల్వర్టు మునుగుతుంది. కాబట్టి గల్ఫ్‌లో వింటున్న తమ్ముళ్లకు, అన్నలకు నా మనవి: ఈ మాట ఎండాకాలంలోనే ఇంటికి చెప్పి పెట్టండి. చాటింపు వినబడితే నన్ను అడగొద్దు, తాళం వేసి నడవండి, చేరాక ఫోన్ చేయండి అని. మీ ఆ ఒక్క మాట ఇంట్లో అత్తమ్మకు కూడా ధైర్యం ఇస్తుంది.

జనం ఎందుకు కదలరో ప్రభుత్వం కూడా ఆలోచించాలి. భయం లేక కాదు, లెక్క ఉంది కాబట్టి. బీడీలు చేసే అమ్మకు తునికాకు తడిస్తే ఆ వారం కూలి పోయినట్టే. సాంచాలు నడిపేవాళ్లకు మోటారే పెట్టుబడి. రైతుకు బర్రెలు ఉన్నాయి. ఖాళీ చేయండి అని మైకులో చెప్పి జీపు ముందుకు పోతే ఎవరూ కదలరు. శిబిరంలో మనుషులకు అన్నంతో పాటు పశువులకు మేత ఉందా, తునికాకు, పొగాకు దించుకోవడానికి పొడి గది ఉందా, ఆడవాళ్లకు తలుపున్న మరుగుదొడ్డి ఉందా, విడిచివచ్చిన ఇళ్లకు కాపలా ఉందా? ఈ నాలుగు ప్రశ్నలకు ఉంది అనే జవాబు ముందే జనానికి తెలిస్తే సగం ఊరు తనంతట తానే కదులుతుంది. పశువులను తీసుకుపోలేనివాళ్లు కనీసం తలుగు విప్పి వదలాలి. కట్టేసిన బర్రె మునుగుతుంది, విడిచిన బర్రె మెట్ట వెతుక్కుంటుంది.

ఊరు విడిచిన అనుభవం మన చుట్టుపక్కల లేకపోలేదు. 2016 సెప్టెంబరు చివర్లో కట్టుబడిలో ఉన్న మధ్య మానేరు కట్టకు గండి పడినప్పుడు మాన్వాడ, చుట్టుపక్కల గ్రామాల వాళ్లను ముందే ఖాళీ చేయించారు. అక్కడి పెద్దలను అడిగితే ఏది కుదిరిందో, ఏది కుదరలేదో చెబుతారు. అలాంటి వాళ్ల మాట వినడం కూడా ప్రణాళికలో భాగమే.

చట్టం మన వైపు ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. జిల్లాకు ఒక ప్రణాళిక ఉండి తీరాలి. 2021లో వచ్చిన డ్యామ్ సేఫ్టీ చట్టం పెద్ద ఆనకట్టలకు అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలంటుంది. కట్టకు ఏదైనా జరిగితే నీళ్లు ఎక్కడికి ఎంత సేపట్లో చేరతాయో అందులో లెక్కవేయాలి. ధర్మపురి మున్సిపాలిటీ ప్రతినిధులు, వార్డు పెద్దలు అడగాల్సింది ఇదే: కడెం కట్ట తెగితే మా గడ్డకు నీళ్లు ఎన్ని గంటల్లో వస్తాయి, ఎంత ఎత్తు వస్తాయి? ఆ రెండు అంకెలు ఫైలులో ఉండి లాభం లేదు. గుడి దగ్గర, బస్టాండు దగ్గర గోడ మీద రాసి ఉండాలి.

గుడి అన్నాను కాబట్టి ఇంకో మాట. ధర్మపురికి పోతే యమపురి ఉండదని మన పెద్దల సామెత. యమధర్మరాజుకు గుడి ఉన్న ఊరు మనది. నరసింహస్వామి దర్శనానికి, గోదావరి స్నానానికి రోజూ ఎక్కడెక్కడి నుంచో వస్తారు. 2015 జూలై పుష్కరాల్లో ఊరు ఎంత నిండిపోయిందో అందరం చూశాం. మళ్లీ 2027లో పుష్కరాలు వస్తున్నాయి, అవీ వానాకాలంలోనే. బయటి నుంచి వచ్చినవాళ్లకు మన వాగులు తెలియవు, మెట్ట ఎక్కడో తెలియదు, వాళ్లు పట్టుకునేది వచ్చిన దారే. అది మునిగి ఉంటే వాళ్లను ఆపేదెవరు, ఎక్కడ ఉంచేది? పుష్కరాల ఏర్పాట్లంటే ఘాట్లు, మరుగుదొడ్లు, క్యూలైన్లు గుర్తొస్తాయి. ఆ జాబితాలో ఊరు ఖాళీ చేసే దారి కూడా చేర్చమని ఇప్పటి నుంచే అడగాలి.

ఇంటి స్థాయిలో చేయాల్సినవి చిన్నవే. ఒక సంచిలో ఆధార్, పాసుపుస్తకం, బ్యాంకు కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, గల్ఫ్ వాళ్ల వీసా కాపీలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. బీపీ, షుగర్ మాత్రలు పది రోజులవి. టార్చిలైటు, అటుకులు, మరమరాలు, తాగే నీళ్లు. ఫోన్లు నింపి పెట్టుకోండి. ఇప్పుడు ప్రభుత్వం ఫోన్లకే పెద్ద మోతతో హెచ్చరికలు పంపుతోంది. అయితే కరెంటు పోయి, టవర్ ఆగిపోయాక ఫోను పలకదు. రెండు సెల్లులు వేసిన చిన్న రేడియో అప్పుడూ పలుకుతుంది. జిల్లా కంట్రోల్ రూము 1077, అత్యవసరానికి 112. ఈ రెండు అంకెలు తలుపు వెనక సుద్దతో రాసిపెట్టండి.

చివరిగా వాడకట్టుకు ఒక పని. మే నెలలో, తొలకరికి ముందు, ఒక ఆదివారం పూట వాడ పెద్దలు, మహిళా సంఘం వాళ్లు, యువజన సంఘం పిల్లలు కలిసి కూర్చోండి. ఒక కాగితం తీసుకోండి. వాడలో నడవలేనివాళ్లు ఎవరు, ఒంటరిగా ఉండేవాళ్లు ఎవరు, కడుపుతో ఉన్నవాళ్లు ఎవరు, ఎవరి ఇంట్లో ఆటో ఉంది, ఎవరిది ట్రాక్టర్ అని రాయండి. ఒక్కో ముసలి మనిషికి ఒక్కో పిల్లవాడి పేరు రాయండి, చాటింపు వినగానే వాడు ముందు ఆ ఇంటికే పోవాలి. ఆ కాగితం నకలు వార్డు ఆఫీసుకు, ఇంకోటి పోలీస్ స్టేషన్‌కు ఇవ్వండి. జూన్ మొదటి వారంలో ఒకసారి నిజంగానే నడిచి చూడండి, వాడ నుంచి మెట్ట మీది బడి దాకా ముసలమ్మతో కలిసి ఎంత సేపు పడుతుందో. ఆ నిమిషాలను కాగితం మీద పైన పెద్ద అక్షరాలతో రాయండి. నాలుగింటికి నిర్ణయం తీసుకోవాలా, మూడింటికే తీసుకోవాలా అన్నది ఆ అంకె చెబుతుంది.